ఆపిల్ తోట నుంచి రాగి బట్టీ దాకా: సైడరీ, డిస్టిలరీ టేస్టింగ్‌లో నా అనుభవం

సైడరీ (ఆపిల్ రసాన్ని పులియబెట్టి సైడర్ అనే మద్యం చేసే చోటు), డిస్టిలరీ (దాన్ని కాచి బ్రాందీ చేసే చోటు) రెండూ ఒకే ఆవరణలో ఉంటే మాత్రం వదులుకోకండి. ఆపిల్ చెట్టు మీద ఎలా ఉంటుందో, పులిశాక ఏమవుతుందో, ఆ పులిసిన రసాన్ని కాచి పీపాలో ఏళ్ల తరబడి ఉంచితే అందులో పండు ఎంత మిగులుతుందో అన్నీ ఒకే పూటలో రుచి చూడొచ్చు. నేను వెళ్లొచ్చింది అలాంటి చిన్న చోటుకే. తోట వాళ్లదే, పళ్లని నొక్కి రసం తీసే ప్రెస్ వాళ్లదే, రాగి బట్టీ కూడా వాళ్లదే. మొదటిసారి వెళ్లేవాళ్లకి పనికొస్తుందని ఎలా బుక్ చేసుకున్నానో, అక్కడ ఏం అడిగానో, ఏం తెలుసుకున్నానో రాస్తున్నాను.

ముందు బుకింగ్ గురించి. చిన్న చోట్లలో తయారు చేసేవాళ్లే మనల్ని తిప్పి చూపిస్తారు, అందుకని చెప్పకుండా వెళ్తే వాళ్లు పనిలో ఉంటారు, మనం కౌంటర్ దగ్గర రెండు గ్లాసులు తాగి తిరిగి రావాల్సిందే. నేను ఫోన్ చేసి ప్రెస్ ఎప్పుడు నడుస్తుంది, బట్టీ ఎప్పుడు వెలిగిస్తారు అని అడిగాను. రెండూ ఒకే రోజు ఉండడం అరుదు. పళ్ల కోత శరదృతువులో, కాచడం మాత్రం ఆ రసం పూర్తిగా పులిశాక. కోత కాలం చివర్లో రమ్మన్నారు, అప్పటికి తొందరగా పండే రకాల రసం పులిసి బట్టీకి సిద్ధంగా ఉంటుంది, ఆలస్యంగా పండే రకాలు ఇంకా ప్రెస్‌లోకి వస్తుంటాయి. ఆ ఒక్క ఫోన్ కాల్ వల్లే రెండూ చూడగలిగాను.

వెళ్లే ముందు కడుపు నిండా తిన్నాను. సెంటు పూసుకోలేదు, ఎందుకంటే చిన్న గదిలో పది మంది ముక్కుల్ని ఒక్కరి సెంటు పాడు చేసేస్తుంది. కారు ఎవరు నడపాలన్నది బయల్దేరకముందే తేల్చుకున్నాం, నడిపే మనిషి రోజంతా రసమే తాగింది, దాని గురించి మళ్లీ చర్చ లేదు. ఇది అక్కడికి వెళ్లాక తేల్చుకునే విషయం కాదు, నాలుగో గ్లాసు తర్వాత "నేను బాగానే ఉన్నాను" అని అందరికీ అనిపిస్తుంది.

ముందు తోటలోకి తీసుకెళ్లారు. కింద రాలిన ఒక పండు తుడిచి చేతికిచ్చారు. కొరికితే మొదట తీపి, వెంటనే నోరంతా పిడచకట్టుకుపోయేంత వగరు. మామూలుగా తినే ఆపిల్‌లో ఇది దాదాపు ఉండదు. ఈ వగరు టానిన్ అనే పదార్థం వల్ల వస్తుంది, సైడర్‌కి నోట్లో నిండుదనం ఇచ్చేది అదే. ఇంగ్లండ్‌లోని లాంగ్ ఆష్టన్ పరిశోధన కేంద్రంలో బి.టి.పి. బార్కర్ 1903లో సైడర్ ఆపిల్స్‌ని నాలుగు రకాలుగా విడగొట్టారు. రసంలో ఆమ్లం మాత్రమే 0.45 శాతం దాటితే షార్ప్, దాంతో పాటు టానిన్ కూడా 0.2 శాతం దాటితే బిట్టర్‌షార్ప్, ఆమ్లం తక్కువై టానిన్ మాత్రం దాటితే బిట్టర్‌స్వీట్, రెండూ తక్కువైతే స్వీట్. డాబినెట్ అనే పేరు వింటే బిట్టర్‌స్వీట్ అని, కింగ్‌స్టన్ బ్లాక్ అంటే బిట్టర్‌షార్ప్ అని గుర్తుపెట్టుకుంటే చాలు, చాలా సీసాల మీద ఈ రెండు పేర్లూ కనిపిస్తాయి. తర్వాత గ్లాసులో తాగినవన్నీ నాకు అర్థమయ్యాయంటే ఆ పండు కొరకడం వల్లే. అందుకే పచ్చి పండు రుచి చూపించమని అడగండి, సిగ్గుపడక్కర్లేదు, వాళ్లకి అదంటేనే ఇష్టం.

ప్రెస్ దగ్గర ఎక్కువ సేపు నిలబడలేదు, చప్పుడు చాలా ఎక్కువ. పళ్లు కడిగి, మిల్లులో గుజ్జు చేసి, ఆ గుజ్జుని గుడ్డల్లో మడిచి, చెక్క పలకల మధ్య పొరలు పొరలుగా పేర్చి నొక్కుతారు. కారిన రసం కళ్ల ముందే గోధుమ రంగుకి తిరిగింది. గాలి తగిలితే కోసిన ఆపిల్ ముక్క నల్లబడినట్టే ఇదీ, పాడైపోవడం కాదు. మిగిలిన పిప్పి పశువులకి పోతుందట.

ట్యాంకుల గదిలో నాకు బాగా నచ్చింది హైడ్రోమీటర్ (నీళ్లని 1.000 అనుకుంటే రసం ఎంత చిక్కగా ఉందో చెప్పే పరికరం) చూపించడం. గొట్టంలో రసం పోసి అందులో దాన్ని తేలనిస్తే 1.050 దగ్గర నిలబడింది. అందులో ఉన్న చక్కెరంతా పులిసి 1.000కి దిగితే దాదాపు 6.5 శాతం ఆల్కహాల్ వస్తుంది. కొందరు బయటి ఈస్ట్ కలుపుతారు, ఇక్కడ మాత్రం పళ్ల తొక్కల మీద, ప్రెస్ గుడ్డల మీద ఉండే ఈస్ట్‌కే వదిలేస్తారు. చల్లటి గదిలో అది నెలల పాటు నిదానంగా నడుస్తుంది. సగం పులిసిన ట్యాంకు నుంచి కొంచెం పట్టి ఇచ్చారు, మడ్డిగా, తియ్యగా, ఈస్ట్ వాసనతో ఉంది. అది అమ్మరు, అక్కడికి వెళ్తేనే దొరుకుతుంది.

ఇక అసలు టేస్టింగ్. వరుసగా గ్లాసులు పెడతారు, ఎడమ నుంచి కుడికి వెళ్లాలి: తీపి లేనిది (డ్రై) ముందు, తియ్యటిది తర్వాత, కాచినవి చివర్లో. ఈ వరుస తప్పితే నష్టం మనకే, తియ్యటిది తాగాక డ్రై సైడర్ పట్టుకుంటే నీళ్లలాగో నిమ్మరసంలాగో అనిపిస్తుంది. రంగు చూసి, గ్లాసు తిప్పి వాసన చూసి, ఒక చిన్న గుక్క నోట్లో అంతా తిరిగేలా ఉంచి, ఉమ్మేయాలి. అవును, ఉమ్మేయాలి. బల్ల మీద బకెట్ పెట్టేది అందుకే. చాలామంది మొహమాటపడి మింగేస్తారు, సగం దాటేసరికి నాలుక మొద్దుబారిపోతుంది, ఇక అన్నీ ఒకటే. నేను సైడర్లన్నీ ఉమ్మేశాను, బాగా నచ్చిన ఒక్కటి మాత్రం చివర్లో అడిగి కూర్చుని తాగాను. తయారు చేసినాయన కూడా మాతో పాటే ఉమ్ముతున్నాడు, ఆయన రోజూ చేసే పని అదే. కాబట్టి దాన్ని అమర్యాదగా ఎవరూ అనుకోరు.

వాసన, రుచి మాటల్లో పెట్టడం రాదని చాలామందికి టెన్షన్. నేను రెండే గమనించాను. పులుపు నోట్లో నీళ్లూరిస్తుంది, వగరు నోరు ఎండగొడుతుంది. ఈ రెండింట్లో ఏది ఎక్కువ, ఏది ముందు వస్తోంది, మింగాక ఏది నిలుస్తోంది అని చూసుకుంటే చాలు, పువ్వుల పేర్లు, తేనె పేర్లు వల్లించక్కర్లేదు. ఒక గ్లాసులో గొడ్లపాక వాసన కొంచెం తగిలింది, అది కొన్ని రకాల సహజ ఈస్ట్ వల్ల వస్తుందని, కొందరు కావాలనే ఉంచుతారని చెప్పారు. అది నాకు కొంచెమైతే పర్వాలేదు. కానీ వెనిగర్ ఘాటు ముక్కుకి కొడితే మాత్రం గాలి తగిలి అసిటిక్ ఆమ్లం చేరిందని అర్థం, అడిగితే నిజాయితీ ఉన్నవాళ్లు ఒప్పుకుంటారు. అయితే స్పెయిన్‌లోని అస్తూరియాస్ వైపు సైడర్లలో ఆ పదును కొంత ఉండడం రివాజే. అక్కడ చెయ్యి పైకెత్తి ఎత్తు నుంచి సన్నటి ధారగా గ్లాసు అంచుకి తగిలేలా పోస్తారు, లోపలి గ్యాస్ విడిపోయి క్షణం పాటు నురగ వస్తుంది, ఆ నురగ పోకముందే గుటుక్కున తాగేస్తారు. ఆ సైడర్ సంస్కృతిని 2024లో యునెస్కో తన జాబితాలో చేర్చింది.

బుడగల గురించి కూడా అడగండి. కొన్ని సైడర్లలోకి గ్యాస్ బయటి నుంచి ఎక్కిస్తారు, కొన్నింట్లో సీసాలోనే రెండోసారి పులిసి బుడగలు పుడతాయి. రెండోవి నోట్లో సన్నగా, ఎక్కువ సేపు ఉంటాయి. ఆ ఒత్తిడికి పగలని సీసాలు కావాలి కదా, 17వ శతాబ్దంలో ఇంగ్లండ్‌లో బొగ్గు కొలిములతో గట్టి గాజు చేయడం వచ్చాకే ఇది కుదిరింది, దాన్ని ముందుగా వాడుకున్నవాళ్లలో అక్కడి సైడర్ చేసేవాళ్లు ఉన్నారు. నాకు అన్నిటికన్నా ఆశ్చర్యం కలిగించింది చక్కెర కలపకుండానే తియ్యగా ఉన్న ఫ్రెంచ్ పద్ధతి సైడర్. పులవడం మొదలయ్యే ముందు పండులోని పెక్టిన్ అనే జిగురు పదార్థం జెల్లీలా కట్టి గోధుమ రంగు మీగడలా పైకి తేలుతుంది, దాంతో పాటు ఈస్ట్‌కి కావలసిన పోషకాలు కూడా చాలావరకు పోతాయి. కింద ఉన్న తేట రసాన్ని వేరే ట్యాంకుకి మారుస్తారు. ఆకలితో ఉన్న ఈస్ట్ చక్కెరంతా తినలేక నిదానించి ఆగిపోతుంది, పండు తీపి అలాగే మిగిలిపోతుంది. దీన్ని కీవింగ్ అంటారు. వాతావరణం వెచ్చబడితే మొత్తం చెడిపోతుంది కాబట్టి ధైర్యం, ఓపిక రెండూ ఉన్నవాళ్లే చేస్తారు. నేను చివర్లో అడిగి తాగింది ఇదే.

కాసేపు ఆగి, నీళ్లు తాగి, రొట్టె ముక్క తిని బట్టీ గదిలోకి వెళ్లాం. వేడి, ఆవిరి, ఉడికిన ఆపిల్ వాసన. ఆల్కహాల్ 78 డిగ్రీల దగ్గర మరుగుతుంది, నీళ్లు 100 దగ్గర, ఆ తేడా మీదే పనంతా నడుస్తుంది. మొదటిసారి కాచితే 28, 30 శాతం వరకు వస్తుంది, దాన్ని మళ్లీ కాచితే 70 దగ్గరికి చేరుతుంది. రెండోసారి మొదట వచ్చే భాగాన్ని హెడ్స్ అంటారు, దాన్ని వాసన మాత్రమే చూడనిచ్చారు, గోళ్ల రంగు వాసన, తల తిరిగేలా ఉంది, అది ఇథైల్ ఎసిటేట్ లాంటివాటి వల్ల. మధ్యలో వచ్చేది హార్ట్, ఉంచుకునేది అదే. చివర వచ్చే టెయిల్స్ తడి అట్టపెట్టె వాసన వేస్తాయి. ఎక్కడ మొదలుపెట్టాలి, ఎక్కడ ఆపాలి అన్నది మీటర్ కొంత చెప్తుంది కానీ, ఆయన మాత్రం వేలికి కొంచెం తడి చేసుకుని వాసన చూసి గిన్నె మార్చేశాడు. ఆ క్షణం చూడడం కోసమైనా బట్టీ నడిచే రోజే వెళ్లాలి.

రాగే ఎందుకు, స్టీల్ ఎందుకు కాదు అని అడిగాను. పులిసేటప్పుడు పుట్టే గంధకం వాసనలని రాగి పట్టేసుకుంటుంది, అందుకే ప్రతిసారీ లోపల తోమాల్సి వస్తుంది. లెక్క కూడా అక్కడే వేసుకున్నాను: 6.5 శాతం ఉన్న 100 లీటర్ల సైడర్‌లో ఉండేది 6.5 లీటర్ల ఆల్కహాల్, ఒక్క చుక్క పోకపోయినా 40 శాతం బ్రాందీ 16 లీటర్ల చిల్లరకి మించి రాదు. హెడ్స్, టెయిల్స్ తీసేస్తే, పీపాలోంచి ఏటా ఆవిరైపోయేది పోతే ఇంకా తక్కువ. ఆ సీసా ధర గురించి ఇంక నేను మాట్లాడలేదు. వలస పాలన కాలంలో అమెరికాలో చలికి సైడర్‌ని గడ్డకట్టించి, మంచు తీసేసి ఆపిల్‌జాక్ చేసుకునేవాళ్లట. అలా చేస్తే నీళ్లు తగ్గుతాయి కానీ చెడ్డ భాగాలు వేరు కావు, అన్నీ అందులోనే చిక్కబడతాయి. ఇంట్లో ప్రయత్నిద్దామన్న ఆలోచన ఎవరికైనా వస్తే, లైసెన్స్ లేకుండా కాచడం చాలా దేశాల్లో నేరమని కూడా చెప్తున్నాను.

కాచినవి రుచి చూసే పద్ధతి వేరు. ముక్కు గ్లాసులో పెట్టకూడదు, దూరంగా పట్టుకుని నోరు కొంచెం తెరిచి పీల్చాలి, లేకపోతే ఘాటు తప్ప ఏదీ తెలియదు. నాలుక తడిసేంత చాలు. తర్వాత కొన్ని చుక్కల నీళ్లు వేసుకుని మళ్లీ చూస్తే వాసన విచ్చుకుంటుంది. పీపాలో పెట్టనిది ముందిచ్చారు, రంగు లేకుండా, కోసిన పచ్చి ఆపిల్ ఎదురుగా ఉన్నట్టే ఉంది. తర్వాత ఓక్ పీపాలో రెండేళ్లు ఉన్నది, ఆ తర్వాత బాగా పాతది. అందరూ పాతదాన్ని మెచ్చుకున్నారు, నాకు మాత్రం అందులో చెక్క ఎక్కువైపోయి పండు కనపడలేదు. రెండేళ్లదాంట్లో రెండూ ఉన్నాయి. వయసు ఎక్కువైతే మంచిదని కళ్లు మూసుకుని నమ్మకండి, మీ నాలుకకి ఏది తెలిస్తే అదే. చివర్లో తాజా రసంలో బ్రాందీ కలిపి పులవకుండా ఆపి పీపాలో ఉంచినది పోశారు, ఫ్రాన్స్‌లోని నార్మండీలో పొమ్మో అని పిలిచేది ఈ తీరుదే, 16 నుంచి 18 శాతం ఉంటుంది, మొదటిసారి వెళ్లేవాళ్లకి బాగా నచ్చుతుంది.

ఎక్కడైనా కాల్వడోస్ (నార్మండీ ఆపిల్ బ్రాందీ) సీసా కనిపిస్తే లేబుల్ చదవడం కూడా ఆయనే నేర్పారు. పేయి దోజ్ అని ఉంటే కుండలాంటి బట్టీలో రెండుసార్లు కాచినది, ఆ పేరుకి చట్టబద్ధమైన గుర్తింపు 1942లో వచ్చింది. దోంఫ్రోంతే అని ఉంటే అందులో కనీసం 30 శాతం బేరి పండ్లు ఉండాలి, ఓక్‌లో కనీసం మూడేళ్లు ఉండాలి. ఒట్టి కాల్వడోస్‌కి రెండేళ్లు చాలు.

కొనే ముందు ఏ సంవత్సరం కోత, ఏ పళ్లు, సీసాలో ఎప్పుడు నింపారు అని అడిగాను. ఒకే పేరున్న సైడర్ అయినా ఏడాది మారితే రుచి మారుతుంది, టేస్టింగ్‌లో నచ్చింది ఆ ఏడాదిదే అవునో కాదో చూసుకోవాలి. నేను కీవింగ్ సైడర్ రెండు సీసాలు, రెండేళ్ల బ్రాందీ ఒకటి తెచ్చుకున్నాను. ఆ తియ్యటి సైడర్‌లో చక్కెర, ఈస్ట్ రెండూ ఉంటాయి కాబట్టి వేడి తగిలితే మళ్లీ పులిసి ఒత్తిడి పెరుగుతుంది, కారులో ఎండలో వదలొద్దని, ఇంటికెళ్లగానే చల్లటి చోట పెట్టమని చెప్పారు. తెరిచాక ఒకటి రెండు రోజుల్లో తాగేయాలి. బ్రాందీ సీసాని మాత్రం నిలబెట్టే ఉంచాలి, పడుకోబెడితే ఆ ఆల్కహాల్ బిరడాని తినేస్తుంది.