మిర్-31 కనబడని కణాలు

ఈ రోజు ల్యాబులో పని త్వరగా తెమలడంతో, సాయంత్రమంతా పెద్దల టి-కణ ల్యుకేమియాపై (టి-కణాలు రోగనిరోధక శక్తినిచ్చే ఒక రకం తెల్ల రక్తకణాలు) జపాను శాస్త్రవేత్తలు యమగిషి, వతనబె బృందం 2012లో ప్రచురించిన పరిశోధన పత్రంతోనే గడిపాను. క్యోటో వైద్యులు 1977లో ప్రత్యేక వ్యాధిగా గుర్తించిన ఈ రక్త క్యాన్సర్‌కు హెచ్‌టీఎల్‌వీ-1 అనే వైరస్ కారణం. నైరుతి జపానులో, ముఖ్యంగా క్యూషూ ప్రాంతంలో, ఈ వైరస్ తల్లిపాల ద్వారా పసిబిడ్డలకు సోకి, దశాబ్దాలపాటు టి-కణాల్లో అణగి ఉండి, సోకినవారిలో దాదాపు నూటికి అయిదుగురికి నడివయసు దాటాక ల్యుకేమియాగా బయటపడుతుంది.

ఆ పత్రం ఈ క్యాన్సర్ కణాల్లోని మైక్రోఆర్‌ఎన్‌ఏల గురించి. అవి సుమారు 22 న్యూక్లియోటైడ్ల (ఆర్‌ఎన్‌ఏ గొలుసులోని ఒక్కో అంశం) పొడవుండే చిన్న అణువులు. జన్యువు సూచనలను మోసుకెళ్లే మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏకు అతుక్కుని ప్రోటీన్ తయారీని అదుపులో ఉంచుతాయి. ల్యాబులో పెంచిన కణాల్లో మిర్-155 వంటి మైక్రోఆర్‌ఎన్‌ఏలు పెరగడం గురించి చాలా చదివాను గానీ, రోగుల నుంచి నేరుగా తీసిన కణాల్లో మార్పు చెందిన మైక్రోఆర్‌ఎన్‌ఏలలో అత్యధికం తగ్గినవే కావడం, వాటిలోనూ మిర్-31 అనేది దాదాపు కనబడకుండా పోవడం నన్ను చాలాసేపు ఆలోచింపజేసింది. మిర్-31 ఉన్నంతకాలం ఎన్‌ఐకే అనే కైనేజ్ (ఇతర ప్రోటీన్లకు ఫాస్ఫేటు తగిలించే ఎంజైమ్) హద్దులో ఉంటుంది; అది లేనప్పుడు ఎన్‌ఐకే పెరిగి, కణాన్ని బతికించే ఎన్‌ఎఫ్-కప్పా-బి సంకేత మార్గాన్ని ఎడతెగకుండా నడిపిస్తుంది, దానితో చావవలసిన కణం చావదు. మిర్-31 జన్యువును, జన్యువులను మూసి ఉంచే పాలీకోంబ్ ప్రోటీన్లు, ప్రధానంగా ఈజెడ్‌హెచ్2, క్రోమాటిన్‌పై (డీఎన్‌ఏ, దాన్ని చుట్టి ఉంచే ప్రోటీన్ల కట్ట) మిథైల్ అనే రసాయన గుర్తులు వేసి, తలుపుకు తాళం వేసినట్లు మూసివేస్తున్నాయి.

పత్రంలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచింది ఈ భాగమే, ఎందుకంటే అలా మూతబడిన జన్యువును మళ్లీ తెరిపించే ప్రయత్నం చేయవచ్చు. పెరిగినవీ తగ్గినవీ పట్టికలుగా ఇచ్చి ఊరుకునే అధ్యయనాలు ఎన్నో వచ్చాయి. కారణం వరకు వెళ్లినవి తక్కువ. ఈజెడ్‌హెచ్2నూ, దాని దగ్గరి బంధువైన ఈజెడ్‌హెచ్1నూ అడ్డుకునే వాలెమెటోస్టాట్ మందుకు, చికిత్సకు లొంగని లేదా తిరగబెట్టిన ఈ ల్యుకేమియా కోసం, జపాను 2022లో అనుమతి ఇచ్చింది.

అయినా మందు చేరేసరికి రోగి వయసు చాలా ముదిరి ఉంటుంది. నాగసాకిలో 1987 నుంచే గర్భిణులకు ఈ వైరస్ పరీక్ష చేసి, సోకిన తల్లులకు పాలిచ్చే విషయంలో సలహా ఇస్తున్నారు. వచ్చే వారం మా బృందానికి ఈ పత్రాన్ని వివరించేటప్పుడు మిర్-31 కన్నా ముందు ఆ తల్లుల గురించే చెప్పాలని నిర్ణయించుకున్నాను.