పెద్దాయన అడిగిన ఓటు

నేను ఇంగ్లండ్‌లోని లెస్టర్‌లో ఇళ్ళకి వెళ్ళి ముసలివాళ్ళని చూసుకునే కేర్ వర్కర్‌ని. మొన్న పొద్దున ఏడింటి విజిట్‌లో పెద్దాయనకి సాక్సులు తొడుగుతుంటే, పోయిన ఎలక్షన్‌లో ఎవరికి వేశావ్ అని అడిగారు. వీసా మీద ఉన్నవాణ్ణి, నాకు ఓటెక్కడిదండీ అన్నాను. ఆయన కాలు వెనక్కి లాక్కున్నారు. మీది కామన్‌వెల్త్ దేశం, వచ్చిన రోజు నుంచి నీకు ఓటుంది, రెండున్నరేళ్ళలో ఆ సంగతి కనుక్కోలేకపోయావా అని గట్టిగానే కోప్పడ్డారు.

బయటకొచ్చి కారులో కూర్చుని ఫోన్లో చూశా. నిజమే. పార్లమెంటు ఎన్నికలతో సహా అన్నిట్లో వేయొచ్చు, బూత్‌లో మన ఇండియా పాస్‌పోర్టు చూపిస్తే చాలు. తలకొట్టేసినట్టయింది. మాది గన్నవరం దగ్గర, సుందరయ్య గారిని గెలిపించిన ఊళ్ళు, మా ఇంట్లో ఓటు మానేయడం అన్న మాటే ఉండదు. 2024 మేలో మా తమ్ముడు హైదరాబాద్ నుంచి బస్సులో నిలబడి వెళ్ళి వేసొచ్చాడు, ఏపీలో 80 శాతం దాటింది. అదే ఏడాది జూలైలో ఇక్కడ 60 కూడా రాలేదు, అందులో వేయనివాళ్ళలో నేనూ ఉన్నా. మా నియోజకవర్గం లెస్టర్ సౌత్‌లో లేబర్ పార్టీ పెద్ద నాయకుడు యాష్‌వర్త్ మీద ఇండిపెండెంట్ షాకత్ ఆడమ్ గెలిచింది 979 ఓట్లతో. మా వీధీ పక్క వీధీ కలిపితే మలయాళీ, తెలుగు కేర్ వర్కర్లమే ఎంతమందిమి ఉన్నామో! అయినా ఒక్క మాట, మన దగ్గరైతే ఓటర్ స్లిప్పు పట్టుకుని ఏదో ఒక పార్టీ వాళ్ళు గుమ్మంలోకి వస్తారు, ఇక్కడ మా తలుపు ఎవరూ తట్టలేదు.

పెద్దాయన అల్లిక మిల్లులో పనిచేసి రిటైరయ్యారు, యూనియన్ మనిషి, జీవితమంతా లేబర్. చలికాలం హీటింగ్‌కి ముసలివాళ్ళకిచ్చే డబ్బు లేబర్ ప్రభుత్వం చాలామందికి ఆపేసిందని పార్టీ సభ్యత్వ కార్డు వదిలేశారు. 2025 జూలైలో లేబర్ మాజీ నాయకుడు జెరెమీ కార్బిన్, ఎంపీ జారా సుల్తానా కొత్త పార్టీ అనగానే మనవరాలితో పేరు రాయించారు. కొన్ని రోజుల్లోనే 6 లక్షల మంది రాయించుకున్నారు. సెప్టెంబర్‌కి వాళ్ళిద్దరే సభ్యత్వం వెబ్‌సైట్ గురించి బహిరంగంగా తగువు పడ్డారు. నవంబర్ చివర్లో లివర్‌పూల్ మహాసభకి డబ్బు కట్టి చేరినవాళ్ళు 50 వేల చుట్టుపక్కల, కొందరిని బహిష్కరించారని మొదటిరోజు సుల్తానా లోపలికే రాలేదు. ఒక్క నాయకుడు వద్దు, ఉమ్మడి నాయకత్వం అన్న తీర్మానం 51.6 శాతంతో నెగ్గింది, అంటే సగానికి సగం చీలినట్టే కదా.

నేను వదిలిపెట్టలేకపోతున్నది ఇదే. 1964లో కమ్యూనిస్టు పార్టీ రెండుగా చీలింది, ఆ చీలిక మా ఇంట్లో ఇంకా ముగియలేదు. తాతయ్య మార్క్సిస్టు పార్టీ, ఆయన తమ్ముడు సిపిఐలోనే ఉండిపోయారు, ఒకే అరుగు మీద కూర్చునే అన్నదమ్ములు మధ్యలో గోడ కట్టుకున్నారు. కూలి రేట్లు పెంచమని కలిసి తిరిగినవాళ్ళు రష్యా, చైనాల్లో ఏ దేశం లైను రైటు అని విడిపోయారు, ఊళ్ళో జెండాలు రెండయ్యాయి, ఓట్లూ రెండయ్యాయి. ఇక్కడ పార్టీకి పేరు ఖాయం కాకముందే ఆ గోడ లేచిందంటే నాకు కడుపులో తిప్పినట్టు ఉంటుంది.

పైగా ఇక్కడ ఎలక్షన్ పద్ధతీ మనదే, నియోజకవర్గంలో ఎవరికి ఎక్కువొస్తే వాళ్ళు. 1983లో లేబర్ నుంచి చీలిన ఎస్‌డీపీ, లిబరల్స్‌తో కలిసి 25 శాతం పైన తెచ్చుకుంటే వచ్చింది 23 సీట్లు, అంతకన్నా రెండు శాతమే ఎక్కువొచ్చిన లేబర్‌కి 209. దేశమంతా పలచగా వచ్చే ఓటుకి విలువ లేదు, లెస్టర్ సౌత్ లాగా ఒకేచోట గట్టిగా ఉంటేనే గెలుపు. ఈలోపు జాక్ పొలాన్‌స్కీ నాయకుడయ్యాక కుర్రాళ్ళంతా గ్రీన్ పార్టీ వైపు పోతున్నారు. కొత్త పార్టీ గ్రీన్స్‌తో సీట్లు సర్దుకుంటే కొన్ని పట్టణాల్లో నిలబడుతుంది, ఒకరి మీద ఒకరు పోటీ చేస్తే ఇద్దరూ పోతారు అని నా లెక్క.

నీకెందుకురా అంటే, ఉంది నాకు పని. నేనొచ్చినప్పుడు ఐదేళ్ళకి ఇక్కడ పర్మనెంట్‌గా ఉండొచ్చు అన్నారు. మాలాంటి కేర్ ఉద్యోగాలకి దాన్ని 15 ఏళ్ళు చేస్తామని 2025 నవంబర్‌లో ప్రతిపాదించింది లేబర్ ప్రభుత్వమే. ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి వెళ్ళే టైముకి మా ఏజెన్సీ జీతం ఇవ్వదు, గట్టిగా అడిగితే వీసాకి వాళ్ళిచ్చే స్పాన్సర్‌షిప్ పోతుందని భయం. మా వైపు మాట్లాడే పార్టీ ఒక్కటి పార్లమెంటులో గట్టిగా ఉండాలని మనసారా కోరుకుంటున్నా, అందుకే వాళ్ళ తగువు నా ఇంట్లో తగువులా అనిపిస్తోంది.

సాయంత్రం విజిట్‌లో ఇదంతా చెప్తే పెద్దాయన చాలాసేపు ఏం అనలేదు. తర్వాత 1974లో ఇక్కడి ఇంపీరియల్ టైప్‌రైటర్స్‌లో ఆసియా వాళ్ళు సమ్మె చేస్తే సొంత యూనియన్ నాయకులే వెనక నిలబడలేదని, తన మిల్లులో తనూ నోరెత్తలేదని చెప్పారు. "పొద్దున నిన్ను కోప్పడే హక్కు నాకు లేదు" అన్నారు. నాకేం అనాలో తెలియక దుప్పటి సర్దాను. ఆ రాత్రే ఫోన్లో ఓటు రిజిస్టర్ చేసుకున్నా, నేషనల్ ఇన్సూరెన్స్ నంబర్ ఉంటే ఐదు నిమిషాల పని. తర్వాత మా రూమ్మేట్లిద్దరినీ నిద్రలేపాను, వాళ్ళకీ తెలీదట.