నిమిషం అన్నాను, 49 రోజులు ఆగమంది

పరకాల పక్కన మా ఊళ్లో ఒకే ట్రాన్స్‌ఫార్మర్ మీద బోలెడు బోర్లు. కరెంటు పోయి వస్తే ఆటో స్టార్టర్ల మోటార్లన్నీ ఒక్కసారే లేస్తాయి, ఫ్యూజులు కొట్టేస్తాయి. కరెంటు వచ్చాక కాసేపు ఆగి మోటార్ వేసే డబ్బా ఒకటి ఆర్డుయినో ఊనోతో (ప్రోగ్రామ్ రాసి నడిపే చిన్న బోర్డు) చేసిస్తానని మా కాకకు మాటిచ్చాను.

బోర్డు చెప్తే మోటార్ స్విచ్ వేసే రిలే, బోర్డుకు కరెంటిచ్చే చార్జర్ కలపడం ఒక్క సాయంత్రం పని. తర్వాత ప్రోగ్రామ్. రిలే తగిలించిన పిన్ నంబరు మారేది కాదు కాబట్టి కాన్స్ట్, చిన్న అంకె కాబట్టి బైట్ రకం. 255 దాకా పడుతుంది, పిన్‌కు అదే ఎక్కువ. ఆగే టైముకు పెద్ద అంకెలు పట్టే కాన్స్ట్ అన్‌సైన్డ్ లాంగ్, విలువ 30 * 1000 మిల్లీసెకన్లు. ఇంట్లో బల్బు పెట్టి చూస్తే ఠంచనుగా వెలిగింది.

పొలానికి పోయేముందు కాక "ముప్పై సెకన్లు ఏం సరిపోతయ్‌రా, నిమిషం పెట్టు" అన్నాడు. 30 తీసి 60 పెట్టాను. అంతే, ఇంకేం ముట్టుకోలేదు.

యాసంగి నాట్లకొచ్చిన వాళ్లంతా గట్టు మీద చేరారు. మెయిన్ వేశాం. నిమిషం అయింది, రెండయ్యాయి, పది అయ్యాయి. రిలే టిక్కుమనలేదు. వైర్లు పీకి మళ్లీ పెట్టాను, చార్జర్ మార్చాను. "గింత చదువు చదివి గిదేనా?" అని ఒకాయన నవ్వాడు. కాక ఏమీ అనలేదు. డబ్బా పక్కకు నెట్టి పచ్చ బటన్ నొక్కాడు, నీళ్లు వచ్చాయి. నాకదే ఎక్కువ బాధైంది.

రెండు రాత్రులు కూర్చుంటే దొరికింది. నా ఊనో ఆర్3 రకం, అందులో ఇంట్ (మామూలు పూర్ణాంకాల రకం) 16 బిట్లే, 32767 దాటదు. 60, 1000 రెండూ ఇంట్‌లే కాబట్టి గుణకారం కూడా ఇంట్‌లోనే జరుగుతుంది, ఆ తర్వాతే లాంగ్‌లోకి పోతుంది. 60000 కాస్తా -5536 అయింది. మైనస్ పట్టని అన్‌సైన్డ్ లాంగ్‌లో పడి 4294961760 అయి కూర్చుంది. 49 రోజుల పైమాటే! 30000 హద్దులోనే ఉంది కనుక ఇంట్లో నన్ను నమ్మించింది. 60UL * 1000 అని రాస్తే చాలు, UL అంటే ఆ 60ని మొదటినుంచే అన్‌సైన్డ్ లాంగ్‌గా చూడమని. గుణించకుండా 60000 అని రాసినా నడిచేది.

హన్మకొండలో నేను ఫీజు కట్టి నేర్చుకున్న కోచింగ్ సారు "అన్నిటికీ ఇంట్ రాసెయ్, అయిపోతది" అనేవాడు. ఆయన చెప్పింది లాప్‌టాప్ మీద, అక్కడ ఇంట్ 32 బిట్లు. చిన్న బోర్డును ఆయన చేత్తో ముట్టుకున్నాడో లేదో! ఇంకో మోసం, ఆర్డుయినో సాఫ్ట్‌వేర్‌లో వార్నింగులు ముందే ఆపేసి ఉంటాయి. ప్రిఫరెన్సెస్‌లో ఆల్ పెట్టగానే ఆ లైన్ మీదే ఓవర్‌ఫ్లో అని చూపించింది. పొలం గట్టెక్కకముందే పెట్టుకోండి.

నిన్న సాయంత్రం మళ్లీ బిగించాను, ఈసారి ఎవరినీ పిలవలేదు. మెయిన్ వేశాక కాక వాచీ చూసుకుంటూ పచ్చ బటన్ పక్కనే వేలు పెట్టుకుని నిలబడ్డాడు. నిమిషానికి మోటార్ లేచింది. ఆయన వేలు మాత్రం ఇంకాసేపు అక్కడే ఉంది.