కర్రెప్ప గిన్నె దాకా వచ్చి వెనక్కి పోతున్నాడు

కుక్క తిండి మానేసిందంటే మా కడపలో ముందు వచ్చే మాట "ఎండలబ్బా". ఏప్రిల్, మే నెలల్లో ఆ మాటలో అబద్ధమేమీ లేదు, 42 డిగ్రీలు దాటితే మనుషులకే మజ్జిగ తప్ప ఇంకేమీ గొంతు దిగదు. ఆ కుక్కకు పన్నెండేళ్ళు దాటినాయని తెలిస్తే రెండో మాట వస్తుంది: "ముసలిదైపాయ, ఇంకేం తింటాది". మా కర్రెప్పను చూసి వీధిలో సగం మంది ఎండలన్నారు, మిగతా సగం ముసలితనమన్నారు. ఆ రెండూ కావని తేలేసరికి 18 కిలోలు ఉండేవాడు పదిహేనున్నరకు వచ్చాడు. ముసలి కుక్క ఉన్న ఇంట్లో ఎవరికైనా పనికొస్తుందని జరిగింది జరిగినట్టు రాస్తున్నా.

కర్రెప్ప జాతికుక్క కాదు, ఎర్రముక్కపల్లిలో మా ఇంటి పక్క కాలవలో దొరికిన ఊరకుక్క పిల్ల. నల్లగా నిగనిగలాడుతుంటే నాయన ఆ పేరు పెట్టాడు, ఇప్పుడు మూతంతా తెల్లబడి కొత్తవాళ్ళు ఆ పేరెందుకని అడుగుతారు. తిండి దగ్గర ఏనాడూ పేచీ పెట్టినోడు కాదు. సంగటి, జొన్నరొట్టె, పెరుగన్నం, ఏది పెట్టినా గిన్నె కడగాల్సిన పని ఉండేది కాదు. ఆదివారమైతే చియ్యల అంగడి అబ్బాయి వాని కోసమే ఒక నల్లిబొమిక పక్కన పెట్టి ఇచ్చేవాడు, దానితో సాయంత్రం దాకా గడిపేవాడు.

మార్పు ఒక్కసారిగా రాలేదు. మొదట రొట్టె అంచులు మిగలడం మొదలైంది. తర్వాత బిస్కెట్లు. మెత్తటి సంగటి తిని, దాంట్లోని ముక్క పక్కకు పెట్టేవాడు, మాంసం ముక్క వదిలే కుక్క ఎక్కడైనా ఉంటుందా? చివరికి గిన్నె చప్పుడైతే చాలు తోక ఊపుకుంటూ పరిగెత్తి వచ్చి, వాసన చూసి, పైనున్న రసం రెండుసార్లు నాకి, మమ్మల్ని ఒకసారి చూసి, మెల్లగా పోయి మంచం కింద పడుకునేవాడు. కాసేపటికి మళ్ళీ వచ్చి మళ్ళీ అదే పని. అమ్మ దిష్టి తీసింది, ఉప్పు మిరపకాయలు పొయ్యిలో వేస్తే ఘాటుకు మేమంతా దగ్గాం. వాడు మాత్రం కదల్లేదు.

సలహాలకు కొదవ లేదు. పక్కింటి ఆమె పాలు పట్టమంది, ఇంకొకాయన ముసలి కుక్కకు మాంసం అరగదు, ఉత్త పెరుగన్నమే పెట్టమన్నాడు. మందుల అంగడిలో ఒకతను ఇంకో అడుగు ముందుకేసి, ఒళ్ళు నొప్పులేమో మనుషుల నొప్పి మాత్ర సగం విరిచి వెయ్యమన్నాడు. ఇది మాత్రం గట్టిగా చెప్పాలి, డైక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్ లాంటివి కుక్కలకు కడుపులో పుండ్లు పడేట్టు చేస్తాయి, కిడ్నీలను దెబ్బతీస్తాయి. పారాసిటమాల్ కూడా డాక్టరు లెక్క కట్టి ఇస్తే తప్ప వెయ్యకూడదు. తినని కుక్కకు ఖాళీ కడుపుతో అలాంటివి వేస్తే ఉన్న రోగం పక్కకుపోయి కొత్త రోగం వస్తుంది.

టౌనులో ఒక డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాం. ఆయన ముందు గోమార్ల కోసం, అంటే ఒంటికి అంటుకుని రక్తం తాగే పిడుదుల కోసం, చెవుల్లో, వేళ్ళ సందుల్లో వెతికాడు. మన వైపు కుక్క తిండి మానేస్తే మొదట అనుమానించేది గోమార్ల వల్ల వచ్చే జ్వరాన్నేనట, దాంట్లో ప్లేట్‌లెట్లు పడిపోతాయి, కొన్నిటికి ముక్కులోంచి రక్తం కూడా వస్తుంది. తర్వాత నీళ్ళ గురించి అడిగాడు. ఎంత తాగుతున్నాడో నాకు తెలియదు, ఎవరు కొలుస్తారు? కొలవమన్నాడు. కిలో బరువుకు రోజుకు 100 మిల్లీలీటర్లు దాటి తాగుతుంటే కిడ్నీ జబ్బో, షుగరో, ఇంకేదైనా గ్రంథుల జబ్బో ఉందేమో చూడాలన్నాడు. మా వాని బరువుకు ఆ లెక్క లీటరున్నర పైన. లీటరు బాటిల్‌తో గిన్నె నింపుతూ చూస్తే రోజుకు ముప్పావు లీటరు కూడా తాగడం లేదు. రక్తపరీక్షలో కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్, ప్లేట్‌లెట్లు, లివర్‌వి అన్నీ బాగానే వచ్చాయి. ఆకలి పుట్టే టానిక్ రాసిచ్చాడు. ఆయన తప్పని అనను, ఆ పరీక్షలు తర్వాత చాలా అక్కరకొచ్చాయి, కానీ టానిక్ వల్ల ఏమీ జరగలేదు.

అసలు సంగతి కనిపెట్టింది మా నాయన. నాయనకు పైపళ్ళు మొత్తం కట్టుడు పళ్ళే. ఒకరోజు సాయంత్రం వాని పక్కన పీట వేసుకుని కూచుని, సంగటిలో పెట్టిన కోడికూర ముక్కను వాడు ఏం చేస్తాడో అదేపనిగా చూశాడు. వాడు ముక్క నోట్లోకి తీసుకుని తల ఎడమ పక్కకు వంచి, ఒకటి రెండుసార్లు నమిలి, ఉన్నట్టుండి దవడ బిగపట్టి ముక్కను కింద వదిలేశాడు. ముక్క చుట్టూ తీగలాగా సాగే ఎంగిలి, అందులో ఎర్రటి చార. "ఆకలి లేక కాదురా, వీనికి పన్ను నొప్పి. నేను పళ్ళు కట్టించుకోకముందు మీ అమ్మ పెట్టిన చెనక్కాయలు ఇట్లనే నోట్లో వేసుకుని ఉమ్మేసేవాణ్ణి" అన్నాడు. అమ్మకు కోపం వచ్చింది, ఇన్నేళ్ళ తర్వాత ఆ సంగతి బయటపెట్టినందుకు.

ఆ తర్వాతి వారంలో కుడి కన్ను కింద వాపు వచ్చింది, నిమ్మకాయంత. కంటికి ఏదో కుట్టిందని అందరూ అన్నారు. యాంటీబయాటిక్ వాడితే వాపు తగ్గి, రెండు పూటలు బాగా తిన్నాడు కూడా, మందు ఆపగానే మళ్ళీ అదే చోట లేచింది. అప్పుడు ఇక్కడి డాక్టరే ప్రొద్దుటూరు వెటర్నరీ కాలేజీకి తీసుకెళ్ళమన్నాడు. కుక్కను ఆటోవాళ్ళు ఎక్కించుకోరు కాబట్టి తెలిసినాయన ఓమ్నీలో కమలాపురం, ఎర్రగుంట్ల మీదుగా పోయాం. దారిలో వాంతి. ఆసుపత్రి ముందు బర్రెలు, మేకలు, ఒక గంగిరెద్దు, వాటి మధ్య మా వాడు తోక కాళ్ళ సందున పెట్టుకుని నిలబడ్డాడు, చూస్తే నవ్వూ జాలీ రెండూ వచ్చాయి.

అక్కడి డాక్టరు మేడం వాని పెదవి పైకెత్తి చూపించింది. కుక్కకు మొత్తం 42 పళ్ళుంటే, పైదవడలో వెనకవైపు చెంపకొకటి చొప్పున కత్తెరలాగా కోసే పెద్ద పన్ను ఉంటుంది. మా వాని కుడివైపు పన్ను బయటి చెక్క నిలువునా ఊడిపోయి, మధ్యలో నల్లటి రంధ్రం కనిపిస్తోంది. దాని చుట్టూ పసుపుపచ్చటి గార, చిగురు ఊదారంగుకు తిరిగింది. వాసన గురించి రాయను. ఆ పన్నుకు మూడు వేర్లట, వాటి కొనలు సరిగ్గా కంటి కిందికి వస్తాయట. పన్ను విరిగి లోపలి నరం బయటపడితే సూక్ష్మజీవులు వేరు దాకా దిగి చీము పడుతుంది, ఆ చీమే కంటి కింద వాపుగా కనిపిస్తుంది. మందుకు తగ్గినా పన్ను అక్కడే ఉంది కాబట్టి మళ్ళీ వస్తుంది. ఎందుకు విరుగుతుందని అడిగితే బొమికలు అంది, ముఖ్యంగా ఈ నల్లిబొమికలు, కాలి ఎముక దళసరిగా ఉంటుంది, ముసలి కుక్క పన్ను దాన్ని తట్టుకోలేదు. కన్ను కింద వాపుతో వచ్చే కుక్కల్లో చాలావాటికి కారణం పన్నేనని కూడా చెప్పింది.

తియ్యాలి అనగానే టెన్షన్ మొదలైంది. మనుషులకైతే సూది మందేసి పీకేస్తారు, కుక్క నోరు తెరుచుకుని కూచోదు కదా, పూర్తిగా మత్తు ఇవ్వాల్సిందే. ఇంటికి ఫోన్ చేస్తే అమ్మ "ఈ వయసులో వానికి కోతలేందిరా, ఉన్నన్నాళ్ళు జావ తాపి సాకుతా" అంది. నాయన ఫోన్ లాక్కుని "జావ తాగినా నొప్పి నొప్పేనే" అన్నాడు. మేడం మా పాత రక్తపరీక్షలు చూసి, గుండె విని, ఊపిరితిత్తులు చూసి, కిడ్నీలు బాగున్నాయి కాబట్టి భయం తక్కువ అంది. భయం లేదని అనలేదు, అది నాకు నచ్చింది. ముందురోజు రాత్రి నుంచి తిండి బంద్, వాడు ఎట్లాగూ తినడం లేదు కాబట్టి ఆ ఒక్క నియమం మాత్రం సులువుగా జరిగిపోయింది. సెలైన్ పెట్టి, మత్తిచ్చి, పన్నును మిషన్‌తో ముక్కలుగా కోసి ఒక్కో వేరు విడిగా తీశారు. కదులుతున్న ఇంకో రెండు చిన్న పళ్ళు కూడా తీసి, మిగతావాటికి గార గీకి, కరిగిపోయే దారంతో కుట్లు వేశారు.

ఆ రాత్రి బాగా కష్టమైంది. మత్తు దిగేటప్పుడు వాడు గోడ వైపు తిరిగి ఒకటే మూలుగు, నీళ్ళు తాగబోయి గిన్నెలో మూతి ముంచి మరిచిపోయినట్టు అట్లే నిలబడేవాడు. నొప్పికి కుక్కల మోతాదులో మెలోక్సికామ్ ఇచ్చారు, అది ఏమన్నా తిన్నాకే వెయ్యాలి. మర్నాడు అమ్మ పల్చగా రాగిజావ కాచి, కోడి ఉడికించిన నీళ్ళు కలిపింది. ఆ నీళ్ళలో ఎర్రగడ్డ, తెల్లగడ్డ (ఉల్లి, వెల్లుల్లి) వేయొద్దని ముందే చెప్పి ఉంచాం, అవి కుక్కల రక్తంలో ఎర్రకణాలను పాడు చేస్తాయి, పచ్చివైనా ఉడికినవైనా ఒకటే. "ఎర్రగడ్డ లేకుండా అది కూరెట్లయితాదిరా" అని గొణుక్కుంటూనే చేసింది. గోరువెచ్చగా చేతిలో పోసి ముందు పెడితే వాడు మొదట వాసన చూసి, ఒక చుక్క నాకి, ఆగి, నాలుకతో చెంప లోపల తడుముకున్నాడు. ఇంకో చుక్క. ఇంకా నొప్పి వస్తుందేమో అని ఎదురుచూస్తున్నట్టు చెవులు వెనక్కి పెట్టాడు. రాలేదు. అంతే, అమ్మ అరచెయ్యి మొత్తం నాకి గిన్నె మీద పడ్డాడు.

కుట్లు మానేదాకా అన్నీ మెత్తటివే: జావ, గుజ్జన్నం, నలిపిన గుడ్డు, చిన్నగా తరిగిన కోడి లివరు కొంచెం. మాంసం అరగదన్నాయన మాటను మేడం కొట్టిపారేసింది. కిడ్నీ జబ్బు లేని ముసలి కుక్కకు మాంసకృత్తులు తగ్గిస్తే కండ ఇంకా తొందరగా కరిగిపోతుందట, పైగా వయసుతో కండ ఎట్లాగూ తగ్గుతుంది. నెల తిరిగేసరికి వెన్నుపూసలు చేతికి తగలడం తగ్గింది, ఇప్పుడు పదిహేడు కిలోలు దాటాడు.

అయితే పన్ను పోయాక కూడా పాత తిండి పూర్తిగా తిరిగి రాలేదు, ఇక్కడే వయసు సంగతి వస్తుంది. ముసలి కుక్కలకు ముక్కు మందగిస్తుంది, కుక్కకు రుచి కన్నా వాసనే ముఖ్యం, నాలుక మీద రుచి మొగ్గలు మనకన్నా చాలా తక్కువ. చల్లటి అన్నం పెడితే వానికి అక్కడ తిండి ఉన్నట్టే తోచదు. గోరువెచ్చగా చేస్తే వాసన లేస్తుంది, వెంటనే వస్తాడు. రెండు పూటల తిండిని నాలుగు పూటలు చేశాం. నడుము, మెడ పట్టేసి కిందికి వంగలేకపోతున్నాడని గిన్నెను పీట మీదికి ఎక్కించాం, నున్నటి టైల్స్ మీద వెనక కాళ్ళు జారిపోతుంటే గిన్నె ముందు గోనెపట్టా వేశాం. ఈ పట్టా వేసిన రోజు నుంచి తినే సేపు రెట్టింపైంది, ఇంతకుముందు సగంలో పోవడానికి కాళ్ళు జారడం కూడా ఒక కారణమేమో.

ఇంకో వింత, రాత్రి పదింటికి కడుపు నిండా తిని, పదకొండింటికి వచ్చి గిన్నె తోస్తాడు. తిన్న సంగతి మరిచిపోతున్నాడని నాయన నవ్వుతాడు కానీ ముసలి కుక్కలకు మతిమరుపు నిజంగానే వస్తుందట, రాత్రిళ్ళు తిరగడం, గోడ వైపు చూస్తూ నిలబడడం కూడా దాంట్లో భాగమే. ఆకలి ఎక్కువైనా డాక్టరుకు చెప్పమన్నారు. తిండి పెరిగి, నీళ్ళు పెరిగి, బరువు తగ్గుతుంటే షుగరు కావచ్చు, పొట్ట జారుతూ వెంట్రుకలు రాలుతుంటే గ్రంథుల జబ్బు కావచ్చు. అందుకే నీళ్ళ బాటిల్ లెక్క ఇంకా మానలేదు, ఫ్రిజ్ తలుపు మీద నాయన పెన్సిల్‌తో గీతలు పెడతాడు. ఎడమవైపు పెద్ద పన్నుకు కూడా సన్నటి బీట ఉంది, ఆరునెలలకోసారి చూపించాలి. చియ్యల అంగడి అబ్బాయికి సంగతి చెబితే బొమిక బదులు లివరు ముక్క పొట్లం కడుతున్నాడు, దానికి మాత్రం డబ్బులు తీసుకుంటున్నాడు.