టైర్ల బరువు, నా బడ్జెట్

నా రోడ్ సైకిల్‌తో పాటు వచ్చిన టైర్లలో వెనుకది మధ్యభాగం చదునుగా అరిగి, లోపలి దారపు పోగులు కనబడసాగిన తరువాత, జతకు 4,000 రూపాయలు మించకూడదని నిశ్చయించుకుని కొత్తవాటికోసం వెదకడం మొదలుపెట్టాను. ముందుగా చూడవలసింది టైరు అంచులో ఉన్నది ఉక్కు తీగా, మడతపెట్టడానికి వీలిచ్చే అరామిడ్ అనే గట్టి కృత్రిమ పోగా అన్నది. ఒకే కొలతలో ఈ తేడాకే టైరుకు 50 గ్రాములకు పైగా తగ్గడం మామూలే.

200 గ్రాములకు అటూ ఇటూగా తూగే పోటీ టైర్లు చంద్రగిరి దారి అంచున పేరుకున్న కంకరను, తుమ్మముళ్లను ఎన్నాళ్లు ఓర్చుకుంటాయో నాకు నమ్మకం కుదరలేదు. అందుకే పంక్చర్ నిరోధక పొర గల, 28 మిల్లీమీటర్ల వెడల్పు, సుమారు 300 గ్రాముల మడత టైర్లు తీసుకున్నాను. వెడల్పు పెరిగితే గాలి కాస్త తక్కువ పెట్టుకోవచ్చు కనుక చేతులకు అదురు తగ్గింది. ఫ్రేముకూ టైరుకూ మధ్య చోటు చాలుతుందో లేదో కొనేముందే చూసుకోవాలి. నేను పెళ్లిపత్రిక అట్టను మడిచి దూర్చి చూశాను.

మామూలు బ్యూటైల్ రబ్బరు ట్యూబు 100 గ్రాములు దాటుతుంది, టీపీయూ అనే సాగే ప్లాస్టిక్‌తో చేసిన ట్యూబు 40 గ్రాముల లోపే ఉంటుంది. తక్కువ ఖర్చుతో బరువు తగ్గించడానికి నాకు కనబడిన మేలైన మార్గం ఇదే. మొత్తం మీద 300 గ్రాములు తగ్గాయి. సైకిలుతో కలిపి 82 కిలోలు తూగే నేను భాకరాపేట ఘాట్‌లో మునుపటిలాగే రొప్పుతున్నాను.