అడిగి తెచ్చుకున్న రోడ్డు

ఇన్నేళ్లుగా గుంటూరులో ఉంటూ నేను కొండవీడు కోట ఎక్కింది మూడే మూడు సార్లు. మొదటి రెండు సార్లూ కాలినడకన, కాలేజీ రోజుల్లో. మూడోసారి మొన్న దసరా సెలవుల్లో, మా మేనల్లుడి మోటారు సైకిలు వెనక కూర్చుని.

కాలేజీ రోజుల ప్రయాణాల్లో నాకు బాగా గుర్తున్నది దాహం. తెచ్చుకున్న నీళ్లు సగం కొండకే అయిపోయాయి. దిగి వచ్చాక ఊరి బావి దగ్గర చేద చేతికిచ్చేదాకా ఆగలేక దోసిళ్లు పట్టాం. "ఇంత కోటకు ఒక రోడ్డు వేయరేమిరా" అని తిట్టుకున్నవాళ్లలో నేనూ ఉన్నాను. 2019లో ఘాట్ రోడ్డు తెరిచారు. ఆ తరువాత కూడా మొన్నటిదాకా అటు తొంగి చూడలేదు.

నరసరావుపేట రోడ్డు పట్టుకుని పేరేచర్ల, ఫిరంగిపురం మీదుగా వెళ్లాం. పేరేచర్ల దగ్గర కంకర క్వారీలు. ఒక కొండకు సగం వీపు లేదు. లారీల దుమ్ము పడి రోడ్డు పక్క చెట్ల ఆకులు బూడిద పూసుకున్నట్టున్నాయి. "మామయ్యా, ఇదీ కొండే, అదీ కొండే. దీన్ని పిండి కొట్టుకోవచ్చు, దాన్ని మాత్రం ముట్టుకోకూడదా?" అన్నాడు మావాడు. హెల్మెట్ పెట్టుకున్నాను కదా, వినపడనట్టు ఊరుకున్నాను.

కొండ కింద మాస్టారు మా కోసం ఎదురుచూస్తున్నారు. నా స్నేహితుడికి మేనమామ వరస. తెలుగు పాఠాలు చెప్పి రిటైరయ్యారు. కోట కోసం, కొండ కోసం చుట్టుపక్కల పల్లెలవాళ్లు కలిసి పెట్టుకున్న సంఘంలో ఆయన ఒకరు. రైతులు, పళ్లమ్మే ఆడవాళ్లు, ఆటో నడిపే కుర్రవాళ్లు, ఇద్దరు ముగ్గురు రిటైరైన ఉద్యోగులు, అంతే సంఘమంటే. మాస్టారి చంకలో మడిచిన గోనెసంచి ఉంది. అందులో ఏం తెస్తారో అనుకున్నాను గానీ అడగలేదు.

"రోడ్డు కోసం తిరిగినవాళ్లలో మీరూ ఉన్నారటగా మాస్టారూ" అన్నాను.

"తిరిగాం బాబూ. ఇది రిజర్వు అడవి. 1980 నాటి అటవీ సంరక్షణ చట్టం ప్రకారం ఇక్కడ రోడ్డు వేయాలంటే కేంద్రం ఒప్పుకోవాలి. కాగితం మీద కాగితం. చివరికి వచ్చింది. అడిగి తెచ్చుకున్న అల్లుడు, ఇక మర్యాదలు తప్పవు" అని నవ్వారు.

ఘాట్ రోడ్డు గురించి చెప్పడానికి పెద్దగా లేదు. మలుపులు, మలుపు మలుపుకీ ఫోటోలు దిగేవాళ్లు, కోతులు. ఒక కోతి మావాడి చేతిలో అరటిపండు లాక్కుని తొక్క వాడి ముందే పడేసింది. మాస్టారు ఆ తొక్కను వదిలేసి, పక్కనే పడివున్న ప్లాస్టిక్ సీసాను తీసి గోనెసంచిలో వేశారు. "తొక్క మట్టిలో కలుస్తుంది. దీనికే ఈ సంచి."

పైన చెరువులున్నాయన్న సంగతి చాలామంది పట్టించుకోరు. వచ్చినవాళ్లు బురుజుల దగ్గరికి పరుగెడతారు. ముత్యాలమ్మ చెరువు, పుట్టాలమ్మ చెరువు, వెదుళ్ల చెరువు అని మూడు. ఒకటి నిండితే నీళ్లు దారి చూసుకుని ఇంకొకదానికి పోయేలా కట్టారు. మేం వెళ్లేటప్పటికి వానలు బాగా పడి నీళ్లు అంచుల దాకా ఉన్నాయి. మాస్టారు పంచె ఎగగట్టి, నీళ్లు బయటికి పోయే చోట గొంతుక్కూర్చుని, రాళ్ల సందులోకి మోచేతి దాకా చెయ్యి పెట్టారు. చిప్స్ పొట్లం ఒకటి వచ్చింది. తరువాత ఇంకొకటి. తరువాత గుట్కా రేకులు, దండలా అతుక్కుని. ఆఖరున ఒక పసిపిల్లవాడి చెప్పు. అది బయటికి వచ్చీ రాగానే ఆగిపోయిన నీరు గుడగుడమని కదిలింది. మావాడు ఫోను జేబులో పెట్టి చూస్తూ నిలబడ్డాడు.

"దారి మూసుకుంటే నీళ్లు ఆగవు నాయనా, పక్కకు తిరిగి గోడ మీద పడతాయి" అన్నారు మాస్టారు. ఈ గోడలు నల్లరాయి, సున్నపు గచ్చు. రాయికి నీళ్లు లెక్కలేదు. గచ్చు మాత్రం ఏడాదికి కొంచెం కొంచెంగా కరిగి జారిపోతుంది. ఆ సందులో పిట్ట రెట్టతో రావి గింజ పడుతుంది. ఆయన చూపించిన చోట బొటనవేలంత రావి మొక్క రెండు రాళ్ల మధ్య నుంచి పచ్చగా తొంగి చూస్తోంది. మావాడు పీకబోయాడు. మాస్టారు గబుక్కున వాడి చెయ్యి పట్టుకున్నారు. వేరు లోపల ఎంత దూరం పోయిందో తెలియదు, లాగితే రాయీ వస్తుంది. మొదలంటా కోసి, మళ్లీ చిగురిస్తే మళ్లీ కోసి, వేరు లోపలే చచ్చేదాకా ఓపిక పట్టాలట. రావిచెట్టును కోస్తారా అని సంఘంలో ఒకాయన నెల రోజులు మాట్లాడడం మానేశాడట.

ఈ నీళ్ల మీదే రాజ్యం నిలిచింది. అద్దంకి నుంచి రెడ్లు రాజధానిని ఇక్కడికి మార్చారు. కుమారగిరి రెడ్డి వసంతోత్సవాలు చేసి కర్పూర వసంతరాయలు అనిపించుకున్నాడు. పెదకోమటి వేమారెడ్డి కొలువులో శ్రీనాథుడు విద్యాధికారిగా ఉన్నాడు. కర్పూరం ఓడల మీద వచ్చింది గానీ నీళ్లు ఎవరూ మోసుకు రాలేదు కదా! తరువాత ఒడిశా గజపతి రాజుల చేతికి వెళ్లిన కోటను 1515 జూన్‌లో కృష్ణదేవరాయలు పట్టుకున్నాడు. ప్రతాపరుద్ర గజపతి కొడుకు వీరభద్రుడు ఇక్కడే దొరికిపోయాడు.

"జూన్ చూడండి" అన్నారు మాస్టారు, చెయ్యి పంచెకు తుడుచుకుంటూ. "వానలు ఇంకా పడలేదు, చెరువుల్లో బురద మిగిలి ఉంటుంది. అదే దసరాకు వచ్చి ఉంటే రాయలవారు ఇంకా కింద కూర్చుని ఉండేవారు. ఇది పుస్తకాల్లో లేదు, నా మాటే."

పుస్తకాల్లో లేకపోయినా నాకు నచ్చింది.

దిగేటప్పటికి గోనెసంచి నిండింది. దాన్ని మోటారు సైకిలు ట్యాంకు మీద పెట్టుకుని మావాడు మలుపులన్నీ నెమ్మదిగా దింపాడు. వాడు అంత నెమ్మదిగా నడపడం నేనెప్పుడూ చూడలేదు.

కింద వేపచెట్టు నీడలో ఆడవాళ్లు సీతాఫలాల గంపలు పెట్టుకుని ఉన్నారు. ఈ కొండ సీతాఫలం గుంటూరు బజారులో పేరు చెప్పుకుని అమ్ముడుపోతుంది. ఈ చెట్టు ఆకును మేక ముట్టదు, రాతి నేలలోనూ బతుకుతుంది. ఒకావిడ కాయ చేతికిచ్చి, కళ్ల మధ్య గీతలు తెల్లబడి విచ్చుకున్నాయా లేదా చూడమంది. విచ్చకుండా కోస్తే ఎన్నాళ్లు ఉంచినా నల్లబడి రాయవుతుందే తప్ప పండదు. "రోడ్డు పడ్డాక ఎవరు ముందు కోస్తే వాళ్లదే అయింది. కన్ను విచ్చకముందే తెంపుతున్నారు" అంది.

ఆ సాయంత్రం అక్కడే సంఘం కూర్చుంది. మేమూ అరుగు చివర కూర్చున్నాం. ఆటో నడిపే కుర్రవాడు పైన చెరువు పక్కన టీ బండి పెట్టుకుంటానంటున్నాడు. అప్పు చేసి ఆటో కొన్నాడు, కార్లు వచ్చాక ఆటో ఎక్కేవాళ్లు తగ్గారు. మాస్టారు కిందే పెట్టుకోమంటున్నారు. కింద ఆగేది ఎవరండీ, కార్లు సరాసరి పైకి పోతున్నాయి అని వాడు. ఆ మాటకు పళ్ల ఆవిడ కూడా వాడి పక్షమే మాట్లాడింది. ఆ కార్లు ఆమె గంప దగ్గర కూడా ఆగడం లేదట. ఒక రైతు మాత్రం ఊరి చివర బండ్లన్నీ ఆపించి, పైకి సంఘం ఆటోల్లోనే పంపాలన్నాడు. ముసలివాళ్ల సంగతి ఏమిటని ఇంకొకరు. గొంతులు లేచాయి. పైన ఎవరు ఏం పెట్టాలన్నా చివరికి అటవీశాఖ ఒప్పుకోవాలని ఎవరో గుర్తు చేశారు గానీ వినిపించుకున్నవాళ్లు లేరు.

ఉన్నట్టుండి ఆ కుర్రవాడు నా వైపు తిరిగాడు. "మీరు చెప్పండి సార్, వచ్చేవాళ్లు మీరే కదా. పైన మీకు టీ కావాలనిపించిందా లేదా?"

అనిపించింది. చెరువు గట్టు మీద మాస్టారు చెత్త తీస్తున్నంతసేపూ ఒక కప్పు టీ దొరికితే బాగుండునని నేను నాలుగు వైపులా చూశాను. ఆ మాటే చెప్పాను. కుర్రవాడు గెలిచినట్టు నవ్వాడు. మాస్టారు నన్ను ఏమీ అనలేదు. "కప్పు ఎక్కడ పడేసేవారో కూడా చెప్పండి" అన్నారు.

వచ్చే ఆదివారం మళ్లీ కూర్చుందామని లేచారు. మావాడు గోనెసంచి ఎక్కడ దింపాలని అడుగుతున్నాడు.