ఇల్లు వదిలి పడుకునే మొదటి రాత్రి

మా పాప మొదటిసారి మూడు రోజుల క్యాంపుకి వెళ్లేటప్పుడు నేనొక పొరపాటు చేశాను. "ఉండలేకపోతే ఫోన్ చెయ్, వెంటనే వచ్చి తీసుకొచ్చేస్తా" అన్నాను. ధైర్యం చెప్పాననుకున్నా గానీ, దానికి అర్థమైంది వేరు: నేనక్కడ ఉండలేనని అమ్మ కూడా అనుకుంటోంది. మొదటి రాత్రే ఫోన్ వచ్చింది. అమెరికాలోని పిల్లల డాక్టర్ల సంఘం, అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్, 2007లో పిల్లల ఇంటి బెంగ మీద ఇచ్చిన నివేదికలో కూడా ఇలాంటి మాట ఇవ్వొద్దనే ఉంది, నాకది తర్వాత తెలిసింది.

పగలంతా ఆటల్లో పడి బాగానే ఉంటారు, లైటు ఆర్పాకే బెంగ మొదలవుతుంది, అందుకే ఈసారి ముందుగా తెలిసినవాళ్లింట్లో ఒక రాత్రి, తర్వాత రెండు రాత్రులు పడుకోబెట్టి అలవాటు చేశాం. బ్యాగులో తను రోజూ కప్పుకునే, అంచు నలిగిపోయిన పాత దుప్పటే పెట్టాను, ఉతక్కుండా, ఇంటి వాసన పోకూడదని. పడుకునే ముందు ఫోన్లు మాత్రం వద్దు, మన గొంతు వినగానే ఆపుకున్న ఏడుపు తన్నుకొస్తుంది. పగలు మాట్లాడితే చాలు. "బెంగ రావడం మామూలే నాన్నా, వచ్చినప్పుడు అక్కడున్న పెద్దవాళ్లకి చెప్పు" అని ముందే చెప్పి పంపాలి. రోజులు గడిచినా సరిగ్గా తినకుండా, నిద్రపోకుండా ఉంటే మాత్రం పంతానికి పోకండి, వెళ్లి తెచ్చేసుకోండి.